మెట్టుమీద ముద్ర

మూడు వారాలకు ఒక్కటంటే ఒక్క మెట్టు! అందుకే తోటివాళ్ళంతా ఆ వడ్రంగిని తాబేలు మేస్త్రి అంటారు. భార్య అయితే మరీను: "ఊయల చెయ్యమంటే, బిడ్డ పరుగులు పెట్టే వేళకి అందించిన మహానుభావుడు!"

కానీ ఆ మెట్టు చూస్తే ఎవరైనా నోరెళ్ళబెట్టాల్సిందే. పాత భవనాలనూ అడవులనూ కాపాడి, జనం చూడటానికి తలుపులు తెరిచే సంస్థ ఒకటుంది. ఒకప్పుడు మామూలు జనాన్ని గుమ్మం దగ్గరే గెంటేసిన ఓ మేడలో ఇప్పుడు ఎవరైనా దర్జాగా తిరగొచ్చు, అదేమైనా మామూలు విషయమా? ఆ మేడ చెక్కమెట్లలో ఒకటి పుచ్చిపోయింది. సంస్థ అడవిలోనే గాలివానకు కూలిన చెట్టునుంచి పలక కోసి, రెండొందల ఏళ్ళ పాదాలకు పక్క మెట్లు ఎంత అరిగాయో అంతే లోతుగా చెక్కాడు మేస్త్రి. ఎక్కేవాళ్ళ కాలు తడబడకూడదు మరి.

ఇక మిగిలింది ముద్ర. కొత్తగా వేసిన చెక్కమీద ఆ ఏడాది అంకెలు కాల్చి వేయాలని సంస్థ నియమం. అదంటే మేస్త్రికి ఒళ్ళుమంట. అతుకు కనబడకపోవడమే పనితనమని నేర్చుకున్నవాడు. దానికి వాత పెట్టి మరీ చూపించడమేమిటి?

ముద్ర వేయడానికి సంస్థ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. కాగితం చూడకుండానే కొత్త చెక్కను పట్టేస్తుందని ఆమెకు పేరు. టార్చి వేసి, ఒక్కో మెట్టూ తడిమి, ఒకచోట ఆగింది. "ఇదే!" అని కాల్చిన ఇనప ముద్ర అందుకుంది.

అది పాత మెట్టు.

మేస్త్రికి ఒళ్ళు పులకరించింది. ఈ జన్మకిది చాలు! నోరు మూసుకుంటే తన పనికి వాత తప్పుతుంది. కానీ ఇన్నేళ్ళు అందర్నీ మోసిన చెక్క అన్యాయంగా కాలిపోతుంది.

"ఆగండి మేడమ్! అది కాదు, పైది!" అని అరిచేశాడు.

ఆమె పై మెట్టు ముందు కూర్చుని చాలాసేపు చూసింది. "ఇరవయ్యేళ్ళలో మొదటిసారి పప్పులో కాలేశాను మేస్త్రిగారూ," అని పగలబడి నవ్వింది.

"అంత బాగుంటే ముద్రెందుకు మేడమ్? వదిలెయ్యండి," బతిమాలాడు.

"వదిలేస్తే ఇదీ పాతదే అనుకుంటారు. ఇంకో వందేళ్ళకి ఎవరో వడ్రంగి ఇక్కడ కూర్చుంటాడు. ఈ అంకెలు చూస్తేనే కదా, ఫలానా ఏడాది ఇంత గొప్ప పనివాడు ఉండేవాడని అతనికి తెలిసేది?"

ముప్ఫయ్యేళ్ళుగా మేస్త్రి తన జాడ తనే చెరిపేసుకుంటూ వచ్చాడు. మెల్లగా చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వండి, నేనే వేస్తాను."

మోకాళ్ళమీద వంగి, ఏ మూలకో కాకుండా, ఎక్కేవాళ్ళందరి కంటా పడేలా నట్టనడుమ అదిమాడు.