కొండకోట కింద పెట్టిన పోపు

నేను ఒక ఇనప గరిటెను. మూరన్నర కాడ, లోతైన గుంట. మండపేటలో ఒక కమ్మరి నన్ను కొలిమిలో కాల్చాడు, సమ్మెటతో బాదాడు, నీళ్లలో ముంచి మళ్లీ కాల్చాడు. ఇన్ని దెబ్బలు తిని పుట్టినదాన్ని, నాకు ఎవరి మీదా జాలి ఒక పట్టాన కలగదు.

వంటమనిషి గవర్రాజు నన్ను కొనుక్కున్నాడు. ఇరవై రెండేళ్లు అతని చేతిలోనే ఉన్నాను. చారు కలపాలన్నా, వడ్డించాలన్నా, పోపు పెట్టాలన్నా నేనే. అతని భార్య నూకాలు కూరలు తరిగేది, నా మసి తోమేది. ఆమెకు కుడి మోకాలు సరిగా వంగదు. పిల్లలు లేరు. వాళ్ల సరసమూ తగవూ అన్నీ పొయ్యి దగ్గరే.

ఒక యాత్రల కంపెనీ వాళ్లు ‘మన వంట, మన వంటవాళ్లు’ అని గొప్పగా చెప్పుకుని, పద్నాలుగు మందితో పాటు మమ్మల్నీ శ్రీలంక తీసుకెళ్లారు. మనుషులు వింతలు చూడ్డానికి సముద్రం దాటతారు గానీ, నాలిక మాత్రం ఇల్లు కదలదు.

మూడో రోజు ఒక కొండకోట చూసి సాయంత్రానికి తిరిగి రావాలి. కొండ కింద ఒక బోర్డు ఉంది. దాని మీద తేనెటీగ బొమ్మ, పెదవుల మీద వేలు పెట్టుకున్న మనిషి బొమ్మ. మనవాళ్లు ఆ బోర్డు పక్కన వరసగా నిలబడి, కేకలు వేసుకుంటూ ఫొటోలు దిగారు. తలపైన రాతి చూరుకు చేటలంత తేనెపట్లు నల్లగా వేలాడుతున్నాయి. ఎవరూ తల ఎత్తలేదు. నీడ బాగుందని వ్యాన్ అక్కడే ఆపించి, పొయ్యి అక్కడే పెట్టించారు.

అన్నం ఉడికింది. గవర్రాజు నా గుంటలో నూనె కాచి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేశాడు. ఆ ఘాటు పొగ నిటారుగా పైకి లేచింది. అందరూ దగ్గారు, నవ్వారు. అంతలో పైనుంచి బుస్సుమని చప్పుడు.

నల్లటి ముద్ద ఒకటి విడిపోయి మా మీద పడింది. కళ్ల మీద, పెదాల మీద, చెవుల్లో ఈగలే. ఒకావిడ జుట్టు పీక్కుంటూ రాళ్ల మీద పడి నుదురు పగలగొట్టుకుంది. ఒకాయన భార్యను తోసేసి ముందు వ్యాన్ ఎక్కాడు. నిజం దాచను, గవర్రాజు కూడా నన్ను పట్టుకుని వ్యాన్‌లోకే పరుగెత్తాడు. తలుపు మూశారు. అప్పుడు చూసుకున్నాడు, నూకాలు లేదు.

ఆమె కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. కుంటుకుంటూ వచ్చి అద్దం బాదింది. ముఖమంతా ఈగలు.

“మేస్టారూ, తలుపొదిలెయ్యండి! మా ఆడమనిషి బయటుండిపోయిందండీ!” అని గవర్రాజు అరిచాడు.

తలుపు పిడి పట్టుకున్నది విశ్వపతి మాస్టారు. ముప్పై ఏళ్లు పిల్లలకు నీతులు చెప్పి రిటైరైన మనిషి. “తీస్తే అందరం చస్తాం. కూర్చోవయ్యా!” అన్నాడు. వెనకనుంచి “తియ్యకండి, తియ్యకండి” అని అరుపులు. అద్దం మీద నూకాలు చేతులు జారిపోయాయి.

గవర్రాజు నన్ను ఎత్తాడు. మాస్టారి మణికట్టు మీద ఒక్క దెబ్బ వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నా కాడ పొడుగునా తెలిసింది. నాకు ఆనందమే కలిగింది. తలుపు తీసుకుని గవర్రాజు నాతో సహా దూకాడు. వెనకాలే మళ్లీ మూసేశారు.

అతను అన్నం గుండిగ ఎత్తి, పొగలు కక్కే అన్నమంతా మట్టిలో కుమ్మరించాడు. నూకాలును ముడుచుకునేలా కూర్చోబెట్టి గుండిగ ఆమె మీద బోర్లించాడు. అంచుకూ నేలకూ మధ్య సందు మిగిలింది. తన ఒంటితో ఆ సందు మూస్తూ చుట్టుకుని పడుకున్నాడు. కాసేపటికి అతని చొక్కా రంగు కనబడలేదు. లోపలనుంచి నూకాలు “లెగవయ్యా, నువ్వెళ్లిపోవయ్యా” అని గుండిగను బాదుతూనే ఉంది. అతను కదల్లేదు. అక్కడి ఊళ్లో ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

ఇంటి దగ్గర జరిగిన పెద్దకర్మ భోజనాలకు యాత్రవాళ్లు చాలామంది వచ్చారు. కుడిచేతికి కట్టుతో మాస్టారూ వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. నూకాలు, అందరూ వద్దంటున్నా వినకుండా, నన్ను తీసుకుని వడ్డనకు లేచింది. ముఖం మీద కాట్లు ఇంకా మానలేదు. ఆయన విస్తరి ముందు ఆగింది. నా నిండా సలసల కాగిన పులుసు.

“తలుపట్టుకున్నది ఈ చెయ్యేనా, బాబూ?”

మాస్టారు తల దించుకున్నాడు.

“అవునమ్మా. భయమేసింది.”

కుమ్మరించు, కుమ్మరించు అని నేను లోలోపల ఉడికిపోయాను. నా అంచునుంచి ఒక్క బొట్టు కూడా ఆయన మీద పడలేదు. నూకాలు ఆ విస్తరి దాటి, పక్కాయన అన్నంలో పులుసు పోసి, “ఇంకొంచెం ఎయ్యమంటారాండీ?” అని అడిగింది.