ఆస్పత్రి మాటలు

ఆ రోజు పొద్దున మా ఆయన నాకు టీ పోసి ఇచ్చాడు. పెళ్ళయిన నాటినుంచీ టీ ఆకు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మనిషి. "అన్నం", "స్నానం", "పడుకుంటా" అనే మూడు మాటలతోనే కాపురం చేసిన షిగెజో, "వేడిగా ఉంది ఫుసాయె, నెమ్మదిగా తాగు" అన్నాడు. నా కడుపులోకి గొట్టం వేసి చేసిన పరీక్షలో ఏం తేలిందని అడిగితే, "చిన్న పుండేలేవే, ఆడవాళ్ళకి అన్నిటికీ హడావుడే" అని కొట్టిపారేశాడు. చిన్న పుండుకి ఇంత టీ ఎందుకు?

మా అమ్మకీ పుండే అన్నారు. డాక్టరు నాన్నని లోపలికి పిలిచి చెప్పాడు. నాన్న నవ్వుతూ బయటికొచ్చాడు. అమ్మ ఆ నవ్వుని నమ్మింది. వసంతానికి కట్టుకోవాలని కిమోనో కుట్టుకుంటూ, ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండానే పోయింది.

మా కోడలు లీజెల్ ఫిలిప్పీన్స్ పిల్ల. ముల్లంగి తరుగుతూ ఆస్పత్రిలో మాట్లాడే జపనీస్ మాటలు నేర్పమంది. సలుపు వేరు, పోటు వేరు, మెలిపెట్టడం వేరని చెప్పాను.

"నొప్పికి ఇన్ని పేర్లా అత్తయ్యా! మా ఊళ్ళో 'ఆరాయ్' అని అరుస్తాం, అంతే" అని నవ్వింది. తర్వాత తల ఎత్తకుండా, "మరి, 'ఆపరేషన్ వద్దంటే ఏమవుతుంది' అని ఎలా అడగాలి?" అంది.

"ఎవరికి ఆపరేషన్?"

కత్తి ఆగింది. "పుస్తకంలో ఉంది అత్తయ్యా."

ఆ జపనీస్ నేర్చుకునే పుస్తకం కొనిచ్చింది నేనే. ఇచ్చేముందు అట్ట నుంచి అట్టదాకా చదివాను. అందులో ఆ వాక్యం లేదు.

ఆస్పత్రిలో నర్సు, "ముందు ఇంటివాళ్ళు రండి" అని పిలిచింది. మా ఆయన లేచాడు. "నువ్వు కూర్చో, అలిసిపోతావు." ఆయన అడుగు వేసేలోపు లీజెల్ చెయ్యి పట్టుకుని నేను లోపలికి నడిచాను.

"ఏమిటీ మొండితనం? డాక్టరుగారి ముందు నా పరువు తీస్తావా?" అంటూ వెనకే వచ్చాడు.

"పరువు మీది, పొట్ట నాది. కాసేపు బయట కూర్చోండి."

నా నోట ఆ మాట వస్తుందని నాకే తెలియదు. ఆయన వెళ్ళి బయట కూర్చున్నాడు.

కుర్ర డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడే నిర్ధారించలేం గానీ, కొంత జాగ్రత్తగా ఆలోచించవలసిన అంశం లేకపోలేదనే దిశగా..."

ఎంత మర్యాదగా ఉన్నాయో ఆ మాటలు! ఒక్కటీ నన్ను తాకలేదు. లీజెల్‌ని నా పక్కన కూర్చోబెట్టాను.

"ఈ పిల్లకి మన భాష కొంచెమే వచ్చు డాక్టరుగారూ. తనకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. అంత తక్కువ మాటల్లో అబద్ధం పట్టదు."