రాగి చిలుము

అరకేర పక్క నల్లరేగడి చేనులో, గుంత ఒడ్డున టార్పాలిన్ పట్టా మీద ఎముకలు పేర్చి ఉన్నాయి. చచ్చినవాళ్ల కంపు డాక్టర్ సౌభాగ్యకు కొత్త కాదు, రాయచూరులో పన్నెండేళ్లుగా ఆమెకు శవపరీక్షలే పని. ఇవాళ భరించలేనిది మాత్రం కనకప్ప నోరు.

పొద్దున మట్టి తవ్విస్తుంటే అస్థిపంజరం బయటపడిందని అతనే పోలీసులకు చెప్పాడు. రెండేళ్ల కింద కనబడకుండా పోయిన అన్న ఈరేశ్‌దేనని అతనే తేల్చాడు. ముంజేతి ఎముక ఆకుపచ్చగా ఉందని చూపించి, వదిన మంజమ్మే అన్నంలో విషం కలిపిందనీ, అది ఎముకకెక్కిందనీ మొత్తుకుంటున్నాడు. ఆమె జైలుకు పోతే అన్న నాలుగెకరాలు ఎవరివవుతాయో చెప్పాలా? ఊరు తానా అంటే తందానా అంది. ఎస్సై మంజమ్మను జీపెక్కించాడు కూడా.

సౌభాగ్య ఎముకను కడిగి చూసింది. విషమైతే ఒళ్లంతా వదిలేసి మణికట్టు దగ్గర రెండు వేళ్ల వెడల్పున చుట్టుకుంటుందా? ఇంతమందిలో ఒక్కడికీ బుర్ర లేదే అని ఒళ్లు మండింది. అది రాగి చిలుము. తడి మట్టిలో నెలల తరబడి రాగి ఆనుకొని ఉంటేనే ఎముకకు పడుతుంది. ఆ మాట ఎస్సైకి చెప్పి, మంజమ్మను దింపించి, నీ మొగుడి చేతికి ఏముండేదని అడిగింది.

మొక్కు కడియం, రాగిది, స్నానానికి కూడా తీసేవాడు కాదని మంజమ్మ చెప్పింది. గుంతలో కడియం లేదు. మట్టి జల్లెడ పట్టినా దొరకలేదు. మంజమ్మ మరిది వైపు చెయ్యి చూపింది.

"ఆయన చేతికే ఉంది. మొన్న ఉగాది నుంచి ఏసుకుంటుండు."

కనకప్ప తడబడలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి దర్జాగా చూపించాడు.

"అన్న ఇల్లిడిసి పోయే దినమే నాకిచ్చిండు. కీళ్లనొప్పులకు మంచిదని."

"పోయే దినమే నీకిస్తే, ఈ చేతి బొక్కకు చిలుమెట్ల పట్టింది?" అంది సౌభాగ్య. "పాతిన జాగా నీకు ముందే ఎరుక. మళ్ల తవ్వి ఊడదీసినవ్."

కనకప్ప చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. ఎస్సై వచ్చి అతని రెక్క పట్టుకున్నాడు. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్లను ఆమె ఎందరినో చూసింది. కుళ్లి రాలిన సొంత అన్న చేతిది తీసి తొడుక్కుని ఊరేగేవాణ్ణి చూడడం ఇదే మొదలు. థూ, వీడిదీ ఒక బతుకేనా అనుకుంది. కడియం బిగుసుకుపోయి ఉంటే సబ్బునీళ్లు తెప్పించి తీయించారు. నగిషీ సందుల్లో నల్లమట్టి ఇంకా అట్లాగే ఉంది.

మంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టు మీద కూలబడింది.

"ఉగాది నాడు మా ఇంటికే వచ్చిండు డాక్టరమ్మా," అంది. "ఆ చేత్తోనే బువ్వ కలిపి నా బిడ్డకు తినిపిచ్చిండు."

అంటూనే భళ్లున కక్కుకుంది.