చింతపండుతో తోమిన రేకులు

బస్సుకు కొట్టే రేకును చీర ఎంచినట్టు ఎంచకూడదని ఉదయగిరి జనార్దనయ్యకు నేను మొదటిరోజే చెప్పాను. వింటేగా! మిలిటరీవాళ్ళు వేలం వేసిన లారీ ఒకటి కొని, 1952లో దాన్ని ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య బస్సుగా తిప్పుతానని బయలుదేరాడాయన. పై కట్టుబడి అంతా ఆత్మకూరులో నా కొట్టు ముందే. అప్పటిదాకా నేను తొట్లూ బకెట్లూ చేసేవాణ్ణి. ఈ బస్సు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర నెగ్గితే బాడీలు కట్టే హుసేనయ్యనవుతాను. నెగ్గకపోతే చచ్చేదాకా బకెట్లే.

రేకు సంగతి నాకు తెలుసు. జింకు పూత మంచిదైతే మూల మడిచి విప్పినా పొట్టు రాలదు. పైన పువ్వులు పువ్వులుగా తళుకు ఉంటుంది. తడిచోట ఒకదానిమీద ఒకటి పేరిస్తే మాత్రం తెల్లబూజు పడుతుంది. గాలి ఆడేట్టు నిలబెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మద్రాసు నుంచి వచ్చిన ఇరవై రేకుల్నీ ఆ మహానుభావుడు వానాకాలమంతా మేకల కొట్టంలో పడుకోబెట్టాడు. దొంగల భయమట. మేకలు కాపలా కాస్తాయనుకున్నాడేమో.

తీరా బండిలోంచి రేకులు దించుతుంటే వీధంతా జిగేలుమంది. జనం మూగారు. నాకు ఒళ్ళు మండింది.

"పువ్వులేవీ?" అన్నాను.

"ఏం పువ్వులు?"

"రేకుమీద జింకు పువ్వులు."

జనార్దనయ్య మీసం దువ్వుకున్నాడు. "తెల్లబూజు పట్టి ఉండినాయి హుసేనయ్యా. మాయమ్మ చూస్తా ఊరుకుంటాదా? చింతపండు పులుసులో నానేసి, నలుగురు ఆడోళ్ళను పెట్టుకోని నాలుగు దినాలు ఇటికపొడితో తోమింది. మా పూజ చెంబులు గూడా ఇట్ట మెరవవు!"

"పులుసులో బుడగలు వచ్చినాయా?"

"అబ్బో, బుసబుసమని! మురికంతా పోతా ఉండాదని మాయమ్మ ఒకటే సంబరం."

"పోయింది మురికి కాదు. జింకు పోయింది. ఇప్పుడు నీ దగ్గరుండేది వట్టి ఇనుము."

ఆయన నమ్మలేదు. ఒక రేకుమీద తడి గోనెపట్ట కప్పి, మర్నాడు తీసి చూపించాను. గోనె కప్పినంత మేరా ఎర్రగా తుప్పు.

కొత్త రేకులకు సర్కారు పర్మిటు రావాలంటే నెలలు పడుతుంది. ఇన్‌స్పెక్టరేమో పదిరోజుల్లో వస్తున్నాడు. ఆ రోజుకు బస్సు సిద్ధం కాకపోతే ఆ దారి, దానికోసమే అర్జీ పెట్టుకున్న కలిగిరి ఆసామి చేతికి పోతుంది.

"పైన మంచి రంగేసి మూసెయ్. ఇన్‌స్పెక్టరుకు ఏం తెలస్తాది?" అన్నాడు జనార్దనయ్య.

"ఆయనకు తెలీకపోయినా వానకు తెలస్తాది. ఆర్నెల్లకు రంగు పెచ్చులూడి నీ బస్సు గజ్జికుక్క మాదిరి తిరగతాది. కట్టినోడెవడని జనం నన్ను తిడతారు. ఇనుముకు ముందుగా పూసే ఎర్రరంగు ఉండాదే, అది లోపలా బయటా రెండు పూతలు పడాల్సిందే. తళుకు గిళుకు ఏం మిగలదు."

ఆయన ముఖం వాడిపోయింది. "మా బస్సులో మొగం చూసుకోవచ్చని మాయమ్మ ఊరంతా చెప్పుకోనుండాది. ఆమెకు ఈ మాట ఎవరు చెప్పేది? మద్రాసోళ్ళు నకిలీ రేకులిచ్చినారందాం."

మర్నాడే తన రేకులు చూసుకోవడానికి బండి కట్టించుకొని దిగింది ఆ తల్లి, రామలక్ష్మమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి. కొడుకు మద్రాసువాళ్ళను తిట్టడం మొదలుపెట్టాడు. ఆమె చెవిన పెట్టలేదు. తుప్పును గోటితో గీకి నావైపు తిరిగింది.

"నిజం చెప్పు నాయనా. నేను తోమినందుకేనా?"

నా నోరు మంచిది కాదు. ఆమెను కడిగిపారేయాలనే కాచుకొని ఉన్నాను. కానీ ఆమె వేళ్ళు కనిపించాయి. పులుసుకూ ఇటికపొడికీ తోలు లేచి, కొసలు పగిలి ఉన్నాయి. జాలేసింది.

"అవునమ్మా," అన్నాను.

ఆమె కొంగు నడుముకు బిగించింది. "కుంచె యాడుండాది?"

కొడుకు బతిమాలినా కదల్లేదు. ఆత్మకూరులోనే చుట్టాలింట దిగి రోజూ వచ్చేది. నేను కోసి వంచిన ప్రతి ముక్కకూ, బిగించకముందే, అటూ ఇటూ ఎర్రరంగు పూసేది. పైగా నేను వేసిన పూతను వంగి చూసి, "ఏందయ్యా ఇది? ఈడ సందు వదిలినావు," అని నామీదికే వచ్చేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. చూస్తే సందు నిజంగానే ఉండేది.

చెప్పిన రోజుకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. బ్రేకులు చూశాడు. కిందికి దూరి టార్చి వేసి అతుకులు చూశాడు. ఒకచోట చాకుతో గీకాడు కూడా.

"నెల్లూరులో కూడా ఇంత శుభ్రంగా పూసేవాళ్ళు లేరే. ఎవరి పని ఇది?" అన్నాడు లేచి చేతులు దులుపుకుంటూ.

ఆత్మకూరు సగం నా కొట్టు ముందే ఉంది. జనార్దనయ్య నావైపు చెయ్యి చూపించాడు. పుట్టి బుద్ధెరిగాక నేను ఇంకొకరి పనిని మెచ్చుకున్న పాపాన పోలేదు.

"ఆమె పూసింది సారూ," అన్నాను ఉక్రోషంగానే. "నాకంటే బాగా పూసింది."

ఇన్‌స్పెక్టర్ వింతగా చూశాడు. రామలక్ష్మమ్మ ముందుకొచ్చింది. వద్దు వద్దని కొడుకు కళ్ళతోనే వేడుకుంటున్నాడు.

"ఆ రేకుల్ని పాడు చేసింది గూడా నేనే సారూ. వాటిని బస్సుగా నిలబెట్టింది ఈ అబ్బయ్య. రాసుకునేటట్టయితే రెండూ రాసుకో."

ఆయన నవ్వి, బస్సు నెగ్గిందని రాసే కాగితం మీద కలం పెట్టి, బాడీ కట్టినవాడి పేరేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, "హుసేనయ్య," అని ఆమే చెప్పింది.