నుదుటి మీది నీలం

కొరియాలోని సోక్చో రేవు పక్క అపార్ట్‌మెంట్‌లో నారే పొద్దున్నే లేచి, బియ్యం కడిగి కుక్కర్‌లో పోసేది. ఆ కడుగునీళ్ళతోనే మొహం కడుక్కునేది. చర్మం తెల్లగా ఉంటుందని వాళ్ళమ్మ చేసిన అలవాటు. తరువాత సముద్రపు నాచు చారు పొయ్యి మీద పెట్టి, కూతురు మొహం చూడ్డానికి వెళ్ళేది.

ఆ ఊళ్ళో ఫోన్‌కి అతుక్కుపోయినవాళ్ళ వేళ్ళు ఆ తరువాత ఏ చర్మానికి తగిలినా, తమదైనా మరొకరిదైనా, నీలం అంటుతుంది. కడుగునీళ్ళతో తుడిస్తే పోతుంది. వానాకాలంలో గోడల బూజు గురించి చెప్పుకున్నట్టే జనం దాని గురించీ చెప్పుకుంటారు.

ఎనిమిదేళ్ళ దాసోమ్ నుదుటి మీద రోజూ నీలమే.

రాత్రి దొంగతనంగా చూసి, నిద్ర కళ్ళతో నుదురు రుద్దుకుంటోందని నారే అనుమానం. అడిగితే పిల్ల తల దించుకునేది తప్ప అవుననదు, కాదనదు. దాని ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. నీలం పోలేదు. అత్తగారే చాటుగా తన ఫోన్ ఇస్తోందేమోనని దిండు కింద వెతికితే, ఆవిడకు కోపం వచ్చింది.

"ఈ వయసులో నన్ను దొంగను చేశావా, కోడలా? ఇదిగో, జేబులు కూడా చూసుకో."

నారే నిజంగానే చూసింది. ఆ తరువాత రెండు రోజులు అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. మొగుడు స్క్విడ్ వేట పడవ మీద సముద్రంలో ఉన్నాడు. ఇక మిగిలింది పిల్లే. ఫోన్లు లాక్కుని పిల్లల్ని మార్చి పంపే కొండమీది శిబిరానికి, సెలవులు మొదలవగానే దాన్ని తోలేద్దామని నిశ్చయించుకుంది. తన సంగతి లెక్కలోకే రాలేదు. రోజంతా చేపల షెడ్డులో నిలబడి వచ్చిన మనిషి, ఇల్లు సద్దుమణిగాక కాసేపు వీడియోలు చూసుకుంటే అదీ ఒక తప్పేనా?

ఆ వారమే ఇంట్లో కిమ్చీ పెట్టుకున్నారు. నారే, అత్తగారు, ఎదురింటి ఓక్‌బున్ పిన్ని మోచేతుల దాకా ఎర్ర రబ్బరు తొడుగులు వేసుకుని, ఉప్పులో ఊరిన క్యాబేజీ ఆకుల మధ్య కారం ముద్ద మెత్తుతున్నారు. మధ్యలో ఉప్పు తక్కువైంది. తొడుగులు విప్పి బాల్కనీలోకి వెళ్ళిన నారే ఎంతకీ రాలేదు.

"ఉప్పు తేవడానికి వెళ్ళిందా, పండించడానికి వెళ్ళిందా?" అంది ఓక్‌బున్ పిన్ని.

నారే గబగబా వచ్చింది, వట్టి చేతులతో. ఉప్పు మర్చిపోయింది. అందరూ నవ్వుతుంటే సిగ్గేసి, మాట మార్చడానికి కూతుర్ని దగ్గరికి పిలిచింది. కిమ్చీ పెట్టేరోజు కారం మెత్తి చుట్టిన మొదటి ఆకు పిల్లల నోట్లో చేత్తో పెట్టాలి కదా. ఎడమచేత్తో పిల్ల గడ్డం పట్టుకుని, కుడిచేత్తో ఆకు నోటికందించింది.

నవ్వులు ఆగిపోయాయి. దాసోమ్ గడ్డం మీద నాలుగు వేళ్ళ గుర్తులు నీలంగా, స్పష్టంగా ఉన్నాయి. పెదవి చివర ఐదోది.

ఓక్‌బున్ పిన్ని ఇంకో క్యాబేజీ అందుకుంది.

"నుదుటి మీదవి కూడా నావేనా?" అని అడిగింది నారే.

పిల్ల నోట్లో కారం నములుతూ తలూపింది. "ఫోన్ చూడటం అయిపోయాక వచ్చి దుప్పటి కప్పుతావు కదా. అప్పుడు నిమురుతావు. నేను నిద్రపోకుండా ఉంటాను."

"మరి చెప్పలేదేమే? నిన్ను శిబిరానికి పంపేస్తానన్నా చెప్పలేదేం?"

"చెప్తే నిమరడం మానేస్తావని."

అత్తగారు మొహం అటు తిప్పుకుంది. కారం ఘాటు కాబోలు, కళ్ళు తుడుచుకుంది.

సెలవుల మొదటిరోజు శిబిరం బస్సు వీధి చివర ఆగింది. పిల్ల ఏదని డ్రైవర్ అడిగాడు. పిల్ల రావట్లేదనీ, వస్తున్నది తానేననీ చెప్పింది నారే. అతను ఆశ్చర్యపోలేదు. పక్కసీటు మీది తన అన్నం డబ్బా తీసి చోటిచ్చాడు. వెనక సీట్లలో అప్పటికే ఇద్దరు తండ్రులు, ఒక ముసలాయన కూర్చుని ఉన్నారు.

దాసోమ్ నాన్నమ్మ పక్కన నిలబడింది. నారే చెయ్యి చాచి, నుదుటి దాకా వచ్చి ఆపేసింది. పిల్ల ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, తనే నుదుటికి ఆనించుకుంది. డ్రైవర్ హారన్ కొట్టేదాకా వదల్లేదు.