వెన్నెల క్లబ్బు ప్లాను

నైట్‌క్లబ్బు ఎలా ఉంటుందో మా నలుగురిలో ఎవరమూ చూడలేదు. అయినా దాన్ని కట్టే పని నా నెత్తిన పడింది, ఎందుకంటే గ్రాఫు కాగితం ఉన్నది నా దగ్గరే. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గ్రాఫు రాయడం నా వృత్తి. గడికొక చుక్క చొప్పున నెమళ్ళూ మామిడి పిందెలూ రాస్తాను. ఆ చుక్కలను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు, అట్టలను బట్టి మగ్గం మీద అంచు నేస్తారు. ఇది తెలియనివాళ్ళు నన్ను డ్రాయింగు మాస్టరంటారు. నాకు ఒళ్ళు మండుతుంది.

ఇది 1984 నాటి సంగతి. ముదిగుబ్బ దారిలో, రోడ్లు కలిసే ఒక క్రాసు దగ్గర, కరువు పనులు చేయించే సంస్థ ఒకటి గోడౌను పెట్టింది. బావుల పని చూడటానికి అక్కడికి వచ్చిన మార్టిన్ అనే తెల్లాయన మాకొక ఆట నేర్పాడు. ఒకడు ఊరినో అడవినో కల్పించి చెబుతాడు. మిగతావాళ్ళు తలా ఒక వేషం కట్టి అందులో తిరుగుతారు. వేషమంటే నోటితోనే, రంగు పూసుకోనక్కర్లేదు. తలుపు విరిగిందా, పాము చచ్చిందా అన్నది పాచిక చెబుతుంది. వీసా అయిపోయి వెళ్ళేటప్పుడు మార్టిన్ పాచికలూ ఇంగ్లీషు పుస్తకమూ నా చేతిలో పెట్టి ఇక నడిపేది నువ్వే అన్నాడు. కారణం మళ్ళీ గ్రాఫు కాగితమే.

ఆడేవాళ్ళు ముగ్గురు. మద్దిలేటి మా వీధి నేతగాడు, ఆదివారం నాతోపాటే బస్సులో వచ్చేవాడు. హనుమక్క సంస్థలో నర్సు, పాచిక వేసే ముందూ వేశాకా చేతులు కడుక్కునేది. ఎర్రప్ప సంస్థ జీపు డ్రైవరు. అతనిది పక్క ఊరి హరిజనవాడ, అప్పట్లో అలాగే అనేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆట అతని వల్లే ఆటగా ఉండేది. ఎర్రప్ప కళ్ళు మూసుకుని “తలుపు తీస్తాండా” అంటే, ఆ గోడౌనులో వేరుశనగ బస్తాల మధ్య నాకు తలుపు కిర్రుమనడం వినిపించేది. అతని వేషం భైరవయ్య అనే కత్తివీరుడు. ఎవరో ఎత్తుకుపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ ఎనిమిది ఆదివారాలుగా తిరుగుతున్నాడు.

ఎనిమిదో ఆదివారం ఎర్రప్ప పాచిక కింద పెట్టేశాడు.

“చాలు శ్రీరంగన్నా. కొండలు, గుహలు, ముళ్ళకంపలు. ఇవన్నీ దినామూ జీపులో చూస్తానే ఉండా. దీనికి నా ఆదివారమెందుకు? నేను జల్మలో అడుగు పెట్టలేని చోటొకటి కట్టు. లేకుంటే నేను రాను.”

“ఎట్లాంటి చోటప్పా?”

“నైటుక్లబ్బు. సినిమాల్లో ఉంటాది చూడు, మెట్లు దిగుతా పాడతారే, ఆ మాదిరిది.”

ఎర్రప్ప మానేస్తే ఆట లేదు. ఆట లేకపోతే నా ఆదివారాలకు మా ఆవిడా, ఆమె పుట్టింటివాళ్ళూ మిగులుతారు. కాబట్టి ఆ వారమంతా కూర్చుని క్లబ్బు కట్టాను. బెంగళూరు హోటల్లో ప్లేట్లు కడిగి వచ్చిన మా బావమరిది తిప్పేస్వామిని అడిగితే, “చీకటిగా ఉంటాది బావా, ఏమీ కనపడదు” అన్నాడు. చీకటిని గ్రాఫు మీద రాయలేం. నాకు తెలిసింది రాశాను.

గడికి రెండడుగులు. దిగడానికి పదహారు మెట్లు. నాట్యానికి గుండ్రటి అరుగు, పైన అద్దాల బంతి. గల్లాపెట్టె, దాని వెనక లక్ష్మీదేవి పటం, పటం చుట్టూ సీరియల్ బల్బులు. చెప్పులు విడిచే చోటు. చేతులు కడిగే కొళాయి. కుటుంబాలకు ప్రత్యేక గదులు రెండు, రెండో గదిలో భైరవయ్య చెల్లెలు. నాలుగు రంగుల సిరాతో వేశాను. పెళ్ళి చీరలకు కూడా నేనంత శ్రద్ధ పెట్టలేదు. పేరు వెన్నెల క్లబ్బు. చూసుకుని మురిసిపోయాను, దాచుకోవడమెందుకు?

ఆదివారం మధ్యాహ్నం బస్తాల మీద కాగితం పరిచాను. మద్దిలేటి క్లబ్బు ముందే ఆగిపోయాడు.

“నీళ్ళు యాడివి?”

“బోరుండాది.”

“ఎన్నడుగులు?”

“నూట ఎనభై.”

“ఎన్నించులు పడినాయి?”

“రెండు. ఎండాకాలం ఒకటిన్నర.”

అప్పుడు గానీ లోపలికి పోలేదు. హనుమక్క చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, కుటుంబాల గదిలో కూర్చుని సోడా అడిగింది. వీళ్ళిద్దరినీ లోపలికి చేర్చేసరికి ముప్పావు గంట పట్టింది. పాచిక ఒక్కసారి కూడా పడలేదు.

ఎర్రప్ప కాగితం మీదికి వంగి చూస్తున్నాడు. అద్దాల బంతిని వేలితో తాకాడు. మెట్లు లెక్కపెట్టాడు. వేలు తలుపు దాటి బయటి గోడ దగ్గర ఆగింది.

“ఇదేందన్నా?”

“బల్ల.”

“బల్ల పైన, గోడకు?”

“మేకులు. గ్లాసులు తగిలించేకి” అన్నాక గానీ నేనేం రాశానో నాకే తెలియలేదు.

నేను చూసిన ప్రతి హోటల్లోనూ అది ఉండేది. బయట ఒక బల్ల, మేకులకు వేరే గ్లాసులు. హరిజనవాడ వాళ్ళు అక్కడే తాగి, తామే కడిగి, తామే తగిలించి పోవాలి. నన్నెవరూ రాయమనలేదు. సినిమాల్లోనూ అది లేదు. ఇంటికి గడప రాసినట్టు నా చెయ్యి దాన్ని రాసేసింది. మూడు గ్లాసులు, ఎర్ర సిరాతో, పొందికగా.

“అద్దాల బంతి నువ్వు యాడైనా చూసినావా?” అన్నాడు ఎర్రప్ప.

“లేదు.”

“చూడకుండానే బాగా రాసినావు.” అతని గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. “సరే, భైరవయ్య వచ్చినాడు. లోపలికి పోవాల్నంటే పాచిక ఎంత పడాల?”

పుస్తకం తిరగేశాను. పాముకు ఎంత పడాలో ఉంది, తాళానికి ఎంత పడాలో ఉంది. దీనికి లేదు.

“ఎంత పడినా రావచ్చు” అన్నాను.

“మద్దిలేటన్న వేసినాడా?”

“లేదు.”

“హనుమక్క?”

“లేదప్పా.”

“మరి నేనెందుకెయ్యాల?”

జేబులోంచి బ్లేడు తీసి ఆ గ్లాసులను గీకబోయాను. ఎర్రప్ప నా చెయ్యి ఆపి, పాచిక నా ముందు పెట్టాడు.

“ఉండనీ. ఈపొద్దు నేను నడుపుతా, నువ్వాడు. నువ్వు క్లబ్బులో ఉండావు. నీ జతగాడు బయట బల్ల కాడ నిలబడినాడు. ఏం చేస్తావు?”

“బయటికొస్తా. చెయ్యి పట్టుకొని లోపలికి పిలుచుకొని పోతా. నా పక్కన కూర్చోబెడతా.”

“ఓనరు అడ్డమొస్తే?”

“కత్తి దూస్తా.”

మద్దిలేటి శభాషన్నాడు. ఎర్రప్ప నవ్వాడు. నా గుండె కుదుటపడింది.

“అయితే టీ తాగుదాం పాండి” అంటూ ఎర్రప్ప లేచాడు. “మీ బస్సుకు టైమయింది.”

హోటలు క్రాసులోనే ఉంది. ఆట మొదలైనప్పటి నుంచీ ప్రతి ఆదివారం అక్కడే టీ. మేము లోపల, ఎర్రప్ప బయట. అతనికి గాలి ఇష్టమనుకునేవాణ్ణి. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

మద్దిలేటీ హనుమక్కా లోపలికి పోయారు. ఎర్రప్ప బల్ల దగ్గరే నిలబడ్డాడు. నన్ను పిలవలేదు, తల తిప్పుకోనూ లేదు. నేను గడపలో ఆగాను. లోపల ఐదారుగురున్నారు. అందులో ఇద్దరు మా ఆవిడ తరఫు వాళ్ళు. వెనక్కి తిరిగి, పోయి అతని చెయ్యి పట్టుకోవాలి. ఆరడుగుల దూరం. గ్రాఫు మీదైతే మూడు గడులు.

“ఏమప్పా శ్రీరంగప్పా, ఆడ్నే నిలబడినావు?” అన్నాడు హోటలాయన.

“ఏం లేదు” అన్నాను.

లోపలికి పోయి కూర్చున్నాను. టీ వచ్చింది. చక్కెర ఎక్కువైందని చెప్పి మార్పించుకున్నాను కూడా. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతోంది. అయినా తాగాను. మద్దిలేటి బోరు గురించి ఏదో అంటుంటే తలూపాను.

కిటికీలోంచి ఎర్రప్ప కనిపిస్తూనే ఉన్నాడు. ఆ రోజు అతను టీ అడగలేదు. నేను తాగడం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి, తర్వాత జీపెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ ఆదివారమూ గోడౌనుకు రాలేదు. రమ్మని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.