మెడకు తగిలించే పెట్టె

కర్నూలు రాజధాని అయిన కొత్తలో బజారులో అంగళ్లు ఎక్కువయ్యాయి. మాబు సాహెబ్ వాయిద్యాల అంగట్లో రెండు హార్మోనియం పెట్టెలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కలకత్తాది. దాని ముందు పలక మీద కంపెనీ పేరు ఇత్తడి అక్షరాల్లో మెరుస్తోంది. రెండోది చిన్నది, తేలికైనది. ఊరూపేరూ లేనిది, ఈ ఊళ్లోనే ఎవరో చేసింది.

భజన గుంపు పెద్ద బొజ్జన్న చూపు ఆ ఇత్తడి అక్షరాల మీంచి కదలలేదు. పోయిన శివరాత్రికి మహానందిలో పక్క ఊరివాళ్లు అలాంటి పెట్టెనే తెచ్చి, పాడింది తక్కువ, చూపించుకున్నది ఎక్కువ. ఆ మంట ఆయనకింకా ఆరలేదు.

గుంపులో పెట్టె వాయించే ఉరుకుందు మాత్రం ఆ కలకత్తా పెట్టె బరువు చూసి బెదిరాడు. ధనుర్మాసం వస్తే తెల్లవారుజామునే హార్మోనియాన్ని మెడకు తగిలించుకుని, వాయిస్తూ ఊరంతా తిరగాలి. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలేటప్పుడు మోకు తగిలి అతని ఎడమ భుజం ఎప్పుడో దెబ్బతింది. ఈ బరువు మోయలేకపోతే వాయించే పని బొజ్జన్న అల్లుడికి పోతుంది. నలుగురిలో మాట పెగలని ఉరుకుందుకు ఉన్న నోరు హార్మోనియం ఒక్కటే.

"ఏమప్పా, మూగోని మాదిరి నిలబడినావు? వాయించి చూడు," అన్నాడు బొజ్జన్న.

రెండూ వాయించాడు. "రెండూ బాగనే పలుకుతాండాయన్నా."

"పలికేది ఏదైనా పలుకుతాది. ఈ రెండోదానికి పేరు యాడుండాది?"

"పేరున్నది పేరున్నదే పెద్దాయనా," అని మాబు సాహెబ్ ఎగదోశాడు.

ఉరుకుందు గొంతు సవరించుకున్నాడు. "సంతలో ఎద్దును కొనాలంటే కాడి కట్టి నడిపించి చూస్తాం గదన్నా. దీన్ని గూడా మెడకేసుకుని నడిచి చూద్దాం."

"ఎద్దేందిరా? ఇది సంగీతం."

"మోసేది ఎద్దే గదన్నా."

అంగట్లోవాళ్లు నవ్వారు. బొజ్జన్నకు పౌరుషం వచ్చింది. "దీన్ని మోసేదానికి ఏమంత బలం కావల్ల? తే ఇట్ల," అని కలకత్తా పెట్టెకు పట్టీ కట్టించి తన మెడకే వేసుకున్నాడు. అక్షరాలు జనానికి కనబడేలా ఛాతీ విరుచుకుని వీధిలోకి దిగాడు. అందరూ చూశారు కూడా. సోడా అంగడి దాకా బాగానే పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెను పొట్ట మీద ఆనించుకుని, నిండు చూలాలిలా వెనక్కి వాలి, అడుగులో అడుగు వేస్తూ వచ్చాడు.

"ఇంగొక వీధి పోయొస్తావా అన్నా?" అన్నాడు ఉరుకుందు మెల్లగా.

"నోరు మూసుకో." బొజ్జన్న మెడ రుద్దుకున్నాడు. పట్టీ విప్పి పెట్టెను దించాడు. తర్వాత, "ఆ పేరు లేనిదాన్నే కట్టియ్యి సాయిబూ," అన్నాడు.

సాయంత్రం బస్సులో పెట్టె ఉరుకుందు ఒడిలో ఉంది. పక్కన కూర్చున్న ముసలాయన ముచ్చటపడి, "యాడిదప్పా ఈ పెట్టె?" అని అడిగాడు.

"కలకత్తాది," అన్నాడు బొజ్జన్న తడుముకోకుండా. "పేరుంటే దొంగల కన్ను పడతాదని పీకించినాం."

ఉరుకుందు తిత్తిని కొద్దిగా తెరిచి ఒక మెట్టు మీద వేలుంచాడు. బస్సు మోతలో ఆ స్వరం అతనికొక్కడికే వినబడింది.